పాత సైకిలు ఫ్రేము: పుట్టుక, వయస్సు, విలువ

(మన గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. ఈ శుభసందర్భమున పెద్దలు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చక్కగా ప్రసంగించినారు. నాకు అప్పగింపబడిన విషయము వారి విషయములవలె ఉన్నతమైనది కాదు. పాత ఉక్కు సైకిలు చట్రమును, అనగా మనమందరము ఫ్రేము అని పిలుచు దానిని చూచి, అది ఎక్కడ పుట్టినది, ఎప్పుడు పుట్టినది, నేడు దానికి ఎంత వెల కట్టవచ్చును అను మూడు ప్రశ్నలకు జవాబు తెలిసికొను మార్గమును చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు.

గ్రంథాలయ సభలో సైకిలు ప్రస్తావన ఏల యని కొందరికి తోచవచ్చును. పుస్తకము చేతికి రాగానే మనమేమి చూతుము? ముఖపత్రము చూతుము, అచ్చువేసిన ఊరు, సంవత్సరము చూతుము, లోపల ముద్రను, రిజిస్టరు సంఖ్యను చూతుము. ముఖపత్రము చినిగిపోయినచో కాగితమును బట్టియు, అక్షరముల పోతను బట్టియు కాలమును ఊహింతుము. సైకిలు ఫ్రేము విషయమునను పద్ధతి ఇదియే. దానికిని ముద్ర యున్నది, సంఖ్య యున్నది. అవి చెరిగిపోయినను లోహమే సాక్ష్యము పలుకును. చదువ నేర్చిన వారికి అదియొక గ్రంథమే.

ఈ విద్య వలన ప్రయోజనమేమి? మన యిండ్ల అటకల మీదను, పశువుల కొట్టములందును తాతల నాటి సైకిళ్ళు ఇంకను పడియున్నవి. పాత ఇనుప సామానులు కొనువాడు వచ్చి త్రాసున తూచి, కిలోల లెక్కను తీసికొనిపోవుచున్నాడు. అదే సైకిలు పట్టణమునకు చేరి, రంగు పూసికొని, ఇంగ్లండు సరకు అను పేరుతో అనేక రెట్లు ధరకు అమ్ముడుపోవుచున్నది. ఒకచోట తెలియక అమ్మినవాడు నష్టపోవుచున్నాడు. మరియొకచోట తెలియక కొన్నవాడు నష్టపోవుచున్నాడు. రెండు నష్టములకును మూలము ఒక్కటే: వస్తువును పరీక్షించు జ్ఞానము లేకుండుట.

ముందుగా కొంచెము చరిత్ర. నేడు మనము చూచు సైకిలు రూపము ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున పుట్టినది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ అను సైకిలు, రెండు ఇంచుమించు సమానమైన చక్రములతో, వెనుక చక్రమును చైనుతో త్రిప్పు ఏర్పాటుతో, తరువాతి సైకిళ్ళకన్నిటికిని మాతృక యైనది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరునకు పేటెంటు పొందినాడు. ఆ కాలముననే నాటింగ్‌హామ్ నగరములో ఫ్రాంక్ బౌడెన్ చేతిలో రాలీ సంస్థ వృద్ధిలోనికి వచ్చినది. బర్మింగ్‌హామ్ నగరమున తుపాకులు చేయుటకై 1861లో స్థాపించిన బి.ఎస్.ఏ. సంస్థ సైకిళ్ళ తయారీలోను ప్రవేశించినది. 1910లో అదే నగరమున క్రేన్ సోదరులు హెర్క్యులెస్ సంస్థను నెలకొల్పిరి. హంబర్, రడ్జ్, ఫిలిప్స్ అను పేర్లును మన పెద్దలకు సుపరిచితములే.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశమునకు ఈ సైకిళ్ళు ఓడలమీద విస్తారముగా వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము స్వదేశీ కర్మాగారములు బలపడినవి. 1949లో మద్రాసు నగర సమీపమున అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ ఆఫ్ ఇండియా స్థాపింపబడి, హెర్క్యులెస్, ఫిలిప్స్, బి.ఎస్.ఏ. అను ఆంగ్ల నామములతోనే సైకిళ్ళను చేసినది. బెంగాలు నందలి అసన్సోలులో రాలీ వారి భాగస్వామ్యముతో సెన్-రాలీ కర్మాగారము నడచినది. 1951లో సోనీపత్‌నందు అట్లాస్, 1956లో లూధియానాయందు హీరో వెలసినవి. కావున ఫ్రేము మీద హెర్క్యులెస్ అనియో, బి.ఎస్.ఏ. అనియో, రాలీ అనియో కనబడినంత మాత్రమున అది ఇంగ్లండులో పుట్టినదని నిర్ణయింపరాదు. పేరు ఒక్కటే, పుట్టినిండ్లు వేరు. మన పరీక్షకు ఇదియే మొదటి హెచ్చరిక.

ఇక ఫ్రేమును గుర్తించు విధానమునకు వత్తము. సైకిలులో తేలికగా మారునవి కొన్ని, మారనివి కొన్ని. చక్రములు, హ్యాండిలు, సీటు, పెడళ్ళు, చైనుచక్రము, మడ్‌గార్డులు ఎన్నిమార్లైనను మార్చవచ్చును. ముందు ఫోర్కు సైతము ప్రమాదము జరిగినపుడు మారుచుండును. మారనిది ఫ్రేము ఒక్కటే. పిల్లలను కూర్చుండబెట్టుకొను బారు, దాని క్రింది ఏటవాలు గొట్టము, సీటు గొట్టము, హ్యాండిలు తిరుగు తల గొట్టము, వెనుక చక్రమును పట్టు జంట కమ్ములు, పెడళ్ళ ఇరుసు తిరుగు బి.బి. షెల్లు: ఇవన్నియు కలిసినదే ఫ్రేము. సైకిలు వయస్సు అనగా ఫ్రేము వయస్సే. కనుక తగిలించిన సామానుల వలన భ్రమపడక ముందు ఫ్రేమునే చూడవలెను.

మొదట తల గొట్టము మీది బిళ్ళను చూడుడు. రాలీ బిళ్ళపై కొంగ తల యుండును. బి.ఎస్.ఏ. వారికి మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలిపిన గుర్తు. రడ్జ్ వారిది అరచేతి గుర్తు. బిళ్ళ మీద ఊరు పేరున్నచో దానిని అక్షరమక్షరము చదువవలెను. పిమ్మట బిళ్ళను పట్టియుంచు చిన్న రివిట్లను పరిశీలింపుడు. రివిట్లు పాతవై, వాని చుట్టును రంగు పగులకయుండినచో బిళ్ళ మొదటినుండి అక్కడనే యున్నదనుకొనవచ్చును. రివిట్లకు మారుగా కొత్త మరమేకులున్నను, బిళ్ళ క్రింద పూడ్చిన పాత రంధ్రముల జాడలున్నను, అది తరువాత తగిలించిన బిళ్ళ యని అనుమానింపవలసినదే.

రెండవది ఫోర్కు తల. రాలీ రోడ్‌స్టరు ఫోర్కు పైభాగమున రెండు గొట్టములు గుండ్రని టోపీలు పెట్టినట్లు కనబడును. హంబర్ వారి ప్రసిద్ధమైన ఫోర్కునకు ఒక్కొక్క ప్రక్క రెండేసి సన్నని గొట్టములుండును. దూరమునుండియే దానిని పోల్చవచ్చును. మూడవది చైనుచక్రము. రాలీ చక్రమునందు కొంగ తలలు, హంబర్ చక్రమునందు ఐదుగురు మనుష్యుల ఆకృతులు, రడ్జ్ చక్రమునందు చేయి చెక్కబడియుండును. అయితే చైనుచక్రము కాటరు పిన్ను ఊడదీసినంతలో చేతికి వచ్చు వస్తువు. అది ఫ్రేముతో ఏకీభవించినచో బలమైన సాక్ష్యము. విభేదించినచో ఫ్రేము మాటనే నమ్మవలెను.

నాల్గవది గొట్టముల కూడలి. పాత ఫ్రేములలో గొట్టములు కలియు చోట్ల లగ్గులను ఉక్కు తొడుగులుండును. గొట్టములను వానిలో దూర్చి, ఇత్తడి కరగించి పారించి అతుకుదురు. లగ్గుల అంచులు పలుచగా, సమముగా ఆకురాయి పట్టబడియుండినచో పనివాడు శ్రద్ధతో చేసినాడని తెలియును. లండను నగరమునందలి హెచిన్స్ వంటి పనివారు లగ్గులను తీగలుగా, పూలుగా చెక్కి పేరు గడించిరి. అట్టి ఫ్రేములు బిళ్ళ లేకున్నను తమ కర్తను తామే చెప్పును. మన రోడ్‌స్టర్ల లగ్గులు సాదావి. వాని గొప్ప దృఢత్వమునందున్నది.

ఐదవ పరీక్షకు కొలమానము కావలెను. మన ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్ చాలును. ఆంగ్ల పద్ధతి ఫ్రేములలో సీటు గొట్టము వెలుపలి వ్యాసము 28.6 మిల్లీమీటర్లు, బారు వ్యాసము 25.4 మిల్లీమీటర్లు సామాన్యముగా ఉండును. ఫ్రెంచి వారి ఫ్రేములలో ఇవి 28, 26 మిల్లీమీటర్లు. బి.బి. షెల్లు వెడల్పు ఆంగ్ల ప్రమాణమున 68 మిల్లీమీటర్లు, ఇటలీ ప్రమాణమున 70. ఆంగ్ల షెల్లు మర అంగుళమునకు 24 చుట్లు. రాలీ వారు మాత్రము బహుకాలము అంగుళమునకు 26 చుట్ల సొంత మరను వాడిరి. బిళ్ళ పోయి, రంగు మారి, పేరు లేక నిలిచిన ఫ్రేములో 26 చుట్ల మర కనబడినచో అది రాలీ కుటుంబమునకు చెందినదని చెప్పుటకు ఇది గట్టి ఆధారము.

ఇచ్చట మేస్త్రీలకు ఒక మనవి. ఆంగ్ల ఫ్రేములలో చైను ప్రక్క కప్పు ఎడమ మర; అనగా విప్పునపుడు మామూలుకు వ్యతిరేకముగా త్రిప్పవలెను. ఇటలీ, ఫ్రెంచి ఫ్రేములలో రెండు ప్రక్కలను కుడి మరయే. ఇది తెలియక పానాతో బలవంతము చేసినచో మర చెడును; మర చెడిన షెల్లుతో ఫ్రేము విలువయు చెడును.

ఆరవది సీటు కడ్డీ పరీక్ష. ఇది మిక్కిలి సులభమైనది, మిక్కిలి ఉపయోగకరమైనది. సీటును తీసి, సీటు గొట్టములో దిగు కడ్డీ వ్యాసమును కొలువుడు. సామాన్యమైన దళసరి గొట్టమునకు 25.4 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోవును. శ్రేష్ఠమైన పలుచని గొట్టమునకు 27.2 మిల్లీమీటర్ల కడ్డీ కావలెను. వెలుపలి వ్యాసము రెండింటికిని 28.6 యే గనుక, మొదటిదాని గోడ ఇంచుమించు 1.6 మిల్లీమీటర్లు, రెండవదాని గోడ ఇంచుమించు 0.7 మిల్లీమీటర్లు అని లెక్క తేలుచున్నది. గోడ పలుచనైనను బలము తగ్గకుండుటయే మేలిరకపు ఉక్కు గొప్పతనము.

అట్టి ఉక్కులో మిక్కిలి పేరుపొందినది రెనాల్డ్స్ 531. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్, అతుకు పడు కొనలయందు దళసరిగను, నడుమ పలుచగను ఉండు గొట్టమునకు 1897లో పేటెంటు పొందెను. మాంగనీసు, మాలిబ్డినము కలిపిన 531 రకము 1935లో వెలువడినది. పందెపు సైకిళ్ళకు అనేక దశాబ్దములు ఇదియే ప్రధానమైన గొట్టము. సీటు గొట్టము మీద ఆ పేరుగల కాగితపు ముద్ర అంటింపబడియుండును. కాని అట్టి ముద్రలు నేడు కొత్తవియు దొరకుచున్నవి. ముద్ర 531 అని చెప్పుచు, కడ్డీ 25.4 అని చెప్పినచో ఆ ముద్రను తేలికగా నమ్మరాదు.

ఇక వయస్సు నిర్ణయించుట. ఇందు రెండు సూత్రములు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి: "ఇంతకు ముందు పుట్టియుండదు" అని చెప్పు సాక్ష్యము. రెండు: "ఇంతకు తరువాత పుట్టియుండదు" అని చెప్పు సాక్ష్యము. ఈ రెండు గట్ల నడుమ ఎంత తక్కువ ఎడమున్నచో మన నిర్ణయము అంత బలమైనది. ఏ ఒక్క గుర్తును చూచియో తేదీ పలుకుట తొందరపాటు.

మెరుగు పూతను చూడుడు. 1920ల దశకము చివరి వరకును సైకిలు సామానులకు నికెలు పూత పూసెడివారు. 1930 ప్రాంతము నుండి క్రోమియము పూత వ్యాపించినది. నికెలు కొంచెము పసుపు ఛాయతో మెత్తగా మెరయును. క్రోమియము నీలి ఛాయతో అద్దమువలె తళుకొత్తును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో క్రోమియము కొరత వలన హ్యాండిలు మొదలైన వానికి సైతము నల్లరంగు పూసి విడుదల చేసిరి. కావున పూత వలన కాలము స్థూలముగా తెలియును.

గేరుల హబ్బు ఉన్నచో మన అదృష్టమే. నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ-ఆర్చర్ వారి మూడు స్పీడుల హబ్బు 1902లో పుట్టినది. వారి సుప్రసిద్ధమైన ఏ.డబ్ల్యు. రకము 1936లో వచ్చినది. 1950ల దశకము నాటి ఈ హబ్బు మీద సంవత్సరపు చివరి రెండంకెలును, నెల సంఖ్యయు ముద్రింపబడియున్నవి. 52, 8 అని యున్నచో అది 1952 ఆగస్టు నాటి హబ్బు. అయితే ఇది హబ్బు పుట్టిన నెల మాత్రమే. చక్రము తరువాత మార్చినదైనచో ఫ్రేమునకు ఆ తేదీ వర్తింపదు. మన పల్లెలకు వచ్చిన సైకిళ్ళలో ఎక్కువభాగము గేరులు లేనివే గనుక అన్నిటికిని ఈ సాక్ష్యము దొరకదు.

పందెపు సైకిళ్ళకు వేరొక కొలత ఉపయోగించును. వెనుక చక్రము దిగు రెండు చీలికల నడిమి ఎడమును లోపలినుండి కొలువవలెను. ఐదు పండ్ల చక్రముల ఫ్రీవీలు కాలమున 120 మిల్లీమీటర్లు, ఆరేడు చక్రముల కాలమున 126, ఎనిమిదింటికి మించిన పిమ్మట 130 ప్రమాణమైనది. ఇటలీకి చెందిన కాంపగ్నోలో వారి కొన్ని గేరు యంత్రములపై పేటెంటు అను మాట ప్రక్కన సంవత్సరపు రెండంకెలు పోతపోయబడియుండును. జపానుకు చెందిన షిమానో వారు 1976 నుండి ఆంగ్ల వర్ణమాల క్రమమున సంవత్సరమునకొక అక్షరమును, నెలకొక అక్షరమును ముద్రించిరి. ఏ అనగా 1976, బి అనగా 1977, ఇట్లు లెక్కింపవలెను.

ఫ్రేము సంఖ్య సీటు లగ్గు మీదనో, బి.బి. షెల్లు అడుగుననో కొట్టబడియుండును. మట్టి, రంగు మెల్లగా తొలగించి దానిని వ్రాసికొనవలెను. సంఖ్య పెద్దదైనంత మాత్రమున సైకిలు కొత్తదని గాని, చిన్నదైనంత మాత్రమున పాతదని గాని చెప్పరాదు. సంస్థలు ఒక వరుస ముగిసిన పిమ్మట మరల మొదటినుండి ఎత్తుకొనుటయు కలదు. సంఖ్యను సంస్థ రికార్డులతో పోల్చినపుడే దానికి అర్థము. ఇంగ్లండునందు 1955లో స్థాపింపబడిన వెటరన్ సైకిల్ క్లబ్బు వారు పాత కేటలాగులను సేకరించి యుంచిరి. రాలీ సంస్థ కాగితములు నాటింగ్‌హామ్‌షైరు దస్తావేజుల భాండాగారమున భద్రముగా నున్నవి. ఎవరో కేటలాగును పారవేయక దాచుట వలననే కదా నేడు ఒక ఫ్రేము వయస్సు తెలియుచున్నది! గ్రంథాలయము చేయు పని ఎట్టిదో ఇందువలన గ్రహింపవచ్చును.

మన దేశమునకు ప్రత్యేకమైన సాక్ష్యము మరొకటి గలదు. అదియే సైకిలు బిళ్ళ. పూర్వము పురపాలక సంఘములు, కొన్నిచోట్ల పంచాయతీలు సైకిళ్ళపై ఏటేట పన్ను వసూలుచేసి, ఊరి పేరును సంవత్సరమును ముద్రించిన లోహపు బిళ్ళల నిచ్చుచుండెడివి. ఫ్రేమునకు బిగించియున్న అట్టి బిళ్ళ, ఆ సంవత్సరమునాటికి ఆ సైకిలు ఆ యూర తిరుగుచుండెనని తెలుపును. తుప్పుపట్టిన రేకుముక్క యని దానిని పీకి పారవేయుట ముఖపత్రమును చించివేయుటతో సమానము. అట్లే ట్రంకుపెట్టె అడుగున దాచిన కొనుగోలు రసీదు, పెండ్లినాడు అల్లుడు సైకిలుతో దిగిన ఛాయాచిత్రము కూడ సాక్ష్యములే.

ఒక ఉదాహరణతో దీనిని సమన్వయింతము. 24 అంగుళముల ఫ్రేముగల యొక సైకిలు మన ముందున్నదనుకొందము. అంగుళములు అనగా బి.బి. షెల్లు మధ్యనుండి సీటు గొట్టము పైకొన వరకు కొలత. రంగు పచ్చన; గీచి చూడగా అడుగున నలుపు. తల గొట్టము మీద రాలీ బిళ్ళ, నాటింగ్‌హామ్ అను పేరు, రివిట్లు చెక్కుచెదరలేదు. షెల్లు మర 26 చుట్లు. హ్యాండిలుకు క్రోమియము పూత. వెనుక హబ్బు మీద 52, 8 అను ముద్ర. సీటు క్రింద 1954 నాటి పన్ను బిళ్ళ. ఫోర్కు తల మాత్రము రాలీ పద్ధతిది కాదు.

దీనిని ఎట్లు చదువవలెను? బిళ్ళ, రివిట్లు, మర ఏకవాక్యముగా చెప్పుచున్నవి గనుక ఫ్రేము నాటింగ్‌హామ్ రాలీ యనవచ్చును. పన్ను బిళ్ళ ఆదినుండి ఈ సైకిలుదే యైనచో 1954 తరువాత ఇది పుట్టలేదు. చక్రము మొదటిదే యైనచో 1952 ఆగస్టునకు ముందు సైకిలు సిద్ధముకాలేదు. కనుక 1952 ఆగస్టునకును 1954నకును నడుమ యనుట సమంజసము. కాని "చక్రము, బిళ్ళ మొదటివే యైనచో" అను షరతును విడువరాదు. ఫోర్కు మార్చబడినది. అనగా ఎప్పుడో ముందు భాగమునకు దెబ్బ తగిలియుండవచ్చును. కావున వెల పలుకుటకు ముందు ఫ్రేము వంకరను పరీక్షింపవలెను.

వంకర పరీక్షకు ఒక దారము చాలును. వెనుక చక్రము తీసి, ఒక చీలిక కడ దారము కట్టి, తల గొట్టము చుట్టును త్రిప్పి, రెండవ చీలిక వరకు బిగించి లాగవలెను. సీటు గొట్టమునకును దారమునకును నడిమి ఎడమ ఇరువైపుల సమముగా నుండవలెను. హెచ్చుతగ్గులున్నచో వెనుక భాగము ప్రక్కకు వంగినదని అర్థము. పిమ్మట తల గొట్టమునకు వెనుకగా బారు క్రింద, ఏటవాలు గొట్టము క్రింద వ్రేళ్ళతో తడిమి చూడుడు. ముడుతగాని, ఉబ్బుగాని తగిలినచో ఆ సైకిలు గోడనో బండినో ఢీకొన్నదనుటకు నిదర్శనము. లగ్గుల అంచుల కడ, షెల్లు చుట్టు, ఫోర్కు తల క్రింద సన్నని బీటలుండవచ్చును. వానిని మంచి వెలుతురులో చూడవలెను. బీట వారిన ఫోర్కు మీద మనిషిని ఎక్కించుట ప్రాణముతో చెలగాటము. ఎంత పాతదైనను, ఎంత పేరుగలదైనను, అట్టిదానిని చూచుటకే గాని తొక్కుటకు ఉంచరాదు.

ఇక విలువ మాట. ఒక పాత ఫ్రేమునకు నాలుగు మెట్ల విలువ యున్నది. మొదటిది ఇనుము విలువ: రోడ్‌స్టరు సైకిలు మొత్తము సుమారు 18 నుండి 20 కిలోల తూకము, నాటి ఇనుము రేటుతో హెచ్చించినచో వచ్చునది. ఇంతకు తక్కువకు ఎన్నడును ఇయ్యనక్కరలేదు. రెండవది వాడుక విలువ: తొక్కుటకు పనికివచ్చునా, పనికివచ్చుటకు ఇంకెంత ఖర్చగును అనునది. మూడవది సామానుల విలువ: గేరు హబ్బు, తోలు సీటు, దీపము, బెల్లు విడివిడిగా తెచ్చు ధర. నాల్గవది సేకరణ విలువ: పాతవస్తువులను ప్రేమించువారు మొత్తము సైకిలుకు ఇచ్చు ధర.

నాల్గవ విలువ నాలుగు సంగతులపై ఆధారపడును. అరుదుగా దొరకుట, మొదటి స్థితి చెడకుండుట, సామానులు సంపూర్ణముగా నుండుట, కోరువారు ఉండుట. పాతదైనంతనే విలువైనది కాదు. నల్లని రోడ్‌స్టర్లు లక్షలకొలది తయారైనవి. వానిలో చెక్కుచెదరనివి మాత్రమే తక్కువ. కోరువారు ఉండుటకు ఇటలీలోని ఎరోయికా ఒక నిదర్శనము. 1997లో గయోలే అను ఊర ప్రారంభమైన ఈ సైకిలు యాత్ర ముఖ్యముగా 1987కు పూర్వపు సైకిళ్ళ కొరకు ఏర్పడినది. ఇట్టి ఉత్సవముల వలన పాత ఉక్కు పందెపు సైకిళ్ళకు గిరాకి పెరిగినది. కావున ధర వస్తువులోనే కాక, దానిని కోరు జనములోను ఉన్నది.

మొదటి స్థితి అనగా ముఖ్యముగా మొదటి రంగు. దసరా ఆయుధపూజకు సైకిలును కడిగి, పసుపు కుంకుమలు పెట్టుట మన ఆచారము. కొందరు ఏటేట కొత్త రంగు కూడ పూయుదురు. ప్రేమతో చేసిన పనియే యైనను, బంగారు గీతలు, అచ్చు ముద్రలు ఆ రంగు క్రింద అణగిపోవును. వెలిసిన మొదటి రంగు, మెరయు కొత్త రంగుకన్న సేకరించువారికి ప్రియము. అమ్మదలచినవారు గరుకు కాగితముతో రుద్దరాదు. మెత్తని గుడ్డను సబ్బునీటిలో తడిపి, కనబడని చోట పరీక్షించి, పిదప తుడువవలెను. తుప్పుపట్టిన నట్లకు నూనె వేసి ఒక రాత్రి ఓపికపట్టవలెను. సుత్తితో కొట్టరాదు.

ధర తెలిసికొనగోరువారు అమ్మువాడు అడిగిన ధరను గాక, నిజముగా అమ్ముడుపోయిన ధరను విచారింపవలెను. అడుగుటకు హద్దు లేదు, చెల్లించినదే లెక్క. అదే రకము, అదే స్థితి, అదే కాలమునకు చెందిన రెండు మూడు అమ్మకములు తెలిసిన పిమ్మట, లోపములకు కొంత తగ్గించి వెల కట్టవలెను. మన ఉదాహరణలోని సైకిలుకు ఫోర్కు మారినందుకు కొంత, రంగు మారినందుకు కొంత తగ్గును; హబ్బు తేదీ, పన్ను బిళ్ళ యున్నందుకు కొంత పెరుగును. అమ్మువాడు ఈ రెండింటిని దాచక చెప్పవలెను. మార్చిన ఫోర్కును మొదటిదని చెప్పి సొమ్ము పుచ్చుకొనుట వ్యాపారము కాదు, మోసము.

సామానులను విడదీసి అమ్మినచో మొత్తముకన్న ఎక్కువ సొమ్ము వచ్చు సందర్భములు లేకపోలేదు. అవసరము మనిషిచేత ఏ పనియైనను చేయించును, నేను నిందింపను. కాని ఒక్కసారి విడిపోయిన సైకిలు మరల కూడదు. హబ్బు ఒక యూరికి, సీటు ఒక యూరికి, ఫ్రేము తూకమునకు పోయిన పిదప సాక్ష్యములన్నియు చెదరును. విడదీయుటకు ముందు ఛాయాచిత్రము తీసి, సంఖ్యలు వ్రాసియుంచుట కనీస ధర్మము.

ఈ తొందర నేడు మరింత అవసరము. స్టర్మీ-ఆర్చర్ తయారీ 2000 సంవత్సరపు అమ్మకము పిమ్మట తైవానుకు తరలినది. నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిళ్ళ తయారీ 2002లో ముగిసినది. సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ సంస్థ సాహిబాబాదు కర్మాగారము 2020 జూనులో మూతపడినది. చేసిన కర్మాగారములు పోయినవి, బాగుచేసిన మేస్త్రీలు వృద్ధులైనారు. మిగిలినవి ఫ్రేములు, వానిని తొక్కినవారి జ్ఞాపకములు మాత్రమే.

కనుక ఈ సభయందు ఒక ప్రతిపాదన చేయుచున్నాను. మన గ్రంథాలయమున పుస్తకముల రిజిస్టరు ప్రక్కన ఊరి పాత సైకిళ్ళ రిజిస్టరు ఒకటి తెరువుడు. ఒక్కొక్క సైకిలుకు ఒక్కొక్క పుట. బిళ్ళ పేరు, ఫ్రేము సంఖ్య, కొలతలు, హబ్బు ముద్ర, పన్ను బిళ్ళ సంవత్సరము ఒక ప్రక్క; ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, దానిమీద ఏమి మోసినారు అను ఇంటివారి మాట మరియొక ప్రక్క. కంటితో చూచినది వేరుగను, చెవితో విన్నది వేరుగను వ్రాయవలెను. కొలతలు తీయుటకు ఉన్నత పాఠశాల విద్యార్థులు, విప్పి చూపుటకు సైకిలు షాపు మేస్త్రీలు, జ్ఞాపకములు చెప్పుటకు వృద్ధులు ముందుకు వచ్చినచో ఒక వేసవి సెలవులలో ఈ పని పూర్తియగును.

1935లో పాతూరి నాగభూషణముగారు కాలువ మీద పడవలో పుస్తకములను ఊరూరికి చేర్చినారు. మన గ్రంథాలయపు తొలి పుస్తకముల మూట సైకిలు క్యారియరు మీదనే వచ్చినదని ఇచ్చటి పెద్దలందరికిని తెలియును. ఆ సైకిలు నేడెక్కడ నున్నదో విచారించి, దానితోనే రిజిస్టరు మొదటి పుటను ప్రారంభింపుడు. అమ్మువారు అమ్ముకొనవచ్చును, దాచువారు దాచుకొనవచ్చును. కాని ఇకమీదట మన యూర ఏ సైకిలును ఏమిటో తెలియకుండ త్రాసునకు ఎక్కరాదు.